సవతి బిళ్ళ వాపసు

మెట్‌పల్లి,
14 ఆగస్టు 2024

చిరంజీవి ప్రమోదినికి మామయ్య దీవెనలు.

నీకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకూ నీ చేతిలో ఒక పాత నాణెం పెడుతున్నాను. చిన్నప్పుడు నువ్వు చాక్లెట్టు కావాలని ఏడ్చేదానివి, నేను నిజాం కాలపు రాగి పైసా ఇచ్చి నీకంటే ఎక్కువ మురిసిపోయేవాణ్ణి. మీ అమ్మ మనిద్దరినీ తిట్టేది. పెళ్ళయి ఆసిఫాబాద్ వెళ్ళినంత మాత్రాన ఈ ఆనవాయితీ ఆపుతాననుకోకు. ఈసారి ఫోనులోనే ఒక నాణేల దుకాణంలో కొని, నేరుగా నీ ఇంటికే పంపమన్నాను. హాలీ సిక్కా, అంటే నిజాం సొంతంగా అచ్చు వేయించిన వెండి రూపాయి. ఒకవైపు చార్మినార్ ఉంటుంది. దాని తలుపులో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉండాలి, అది మహబూబ్ అలీ ఖాన్ గుర్తు. వేరే అక్షరం ఉంటే ఆయన కొడుకు కాలం నాటిదన్నమాట, అది నా దగ్గర దండిగా ఉంది.

జర జాగ్రత్తగా విను. ఈ ఆన్‌లైన్ దుకాణాల వాళ్ళు బొమ్మలో ఒకటి చూపించి డబ్బాలో ఇంకొకటి పెడుతుంటారు. అందరూ దొంగలని కాదు. నాణేలు గుట్టలుగా పోసుకుని కూర్చునేవాడికి ఒక కవరులో పెట్టాల్సింది ఇంకో కవరులో పడటం మామూలే. కాబట్టి పార్సిల్ రాగానే కత్తెర తీసుకుని ఉరకకు. ముందు ఫోనులో వీడియో పెట్టు, ఆ తర్వాత విప్పు. నాణేన్ని అంచులతోనే పట్టుకో. మెరవడం లేదని చింతపండు పెట్టి తోమావంటే మాత్రం నీకూ నాకూ మాటలుండవు.

నా చెవుల సంగతి తెలుసు కదా, ఫోను చెయ్యకు. నువ్వొకటి అంటే నేనొకటి వింటాను. ఫోనులో ఆ చీమల బారులాంటి అక్షరాలు చదివితే తల నొస్తుంది. నిండుగా ఉత్తరం రాయి, పోస్టుమన్ మల్లన్న కూడా సంతోషిస్తాడు.

వంశీధర్‌రావు బాగున్నాడా? ప్రణతి నిన్ను అమ్మా అంటోందా, ఇంకా ఆంటీ అనే అంటోందా? పిల్లను తొందర పెట్టకు. తల్లి పోయి ఎంతో కాలం కాలేదు కదా.

పసుపు చేనులో కలుపు తీయిస్తూ,
నీ మామయ్య సీతారాంరావు


ఆసిఫాబాద్,
24 ఆగస్టు 2024

మామయ్యకు ప్రమోదిని నమస్కారాలు.

ముందు ఒక ప్రశ్న. నిజమే చెప్పాలి. ఈ పార్సిల్ సంగతి మీరూ మా అత్తమ్మా కలిసి అనుకున్నదేనా?

మీరు చెప్పినట్టే వీడియో పెట్టి విప్పాను. లోపల చార్మినార్ లేదు. రూపాయంత వెండి బిళ్ళ ఉంది. ఒకప్పుడు నాణెమే అయి ఉంటుంది, అంచు చుట్టూ గీతలు ఇంకా కనబడుతున్నాయి. ఒకవైపు అంతా నున్నగా అరగదీశారు. ఇంకోవైపు నిలబడిన ఆడమనిషి బొమ్మ చెక్కారు. దండలోకి ఎక్కించడానికి పైన చిన్న రింగు అతికించారు. బొమ్మ గీతల్లో పసుపు, కుంకుమ పేరుకుని ఉన్నాయి.

అది ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. సవతి బిళ్ళ. రెండో భార్యగా వచ్చినది, చనిపోయిన మొదటి భార్య పేర మెడలో వేసుకునే బిళ్ళ. పెళ్ళినాడు అత్తమ్మ పద్మలత పేర ఒకటి చేయించి తెస్తే, నేను వేసుకోనని అందరి ముందూ చెప్పాను. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కానీ కొత్త చీర కట్టుకున్నా, తల్లో పూలు పెట్టుకున్నా ముందు ఆమెకు చూపించి, ఆ తర్వాత నేను పెట్టుకోవడం నా వల్ల కాదు. మీరప్పుడు నన్ను పక్కకు పిలిచి, "ఏసుకుంటే ఏం పోతది బిడ్డా, జరంత వెండే కదా" అన్నారు. నేను మర్చిపోలేదు. అత్తమ్మ దాన్ని కంసాలి అవుసుల కైలాసానికి తిరిగి ఇచ్చేసింది. ఆయన మా కళ్ళ ముందే కరిగించాడు.

ఇప్పుడు దీన్ని చూడగానే అత్తమ్మ మంచం మీద కూలబడింది.

"గిది ఎవరు పంపిన్రు బిడ్డా?"

"దుకాణం వాడి పొరపాటు అత్తమ్మా."

"గసొంటి పొరపాటు మన ఇంటికే వస్తదా? అచ్చం నేను చేపిచ్చినట్టే ఉన్నది. ఆమెనే తొవ్వ ఎతుక్కుంట వచ్చింది."

మీ అల్లుడు చూసి, "నీ ఇష్టం ప్రమోదినీ" అని జిన్నింగ్ మిల్లుకు వెళ్ళిపోయాడు. ఇల్లు అంటుకున్నా ఆయన అదే మాట అంటాడు.

ప్రణతి మాత్రం దాన్ని వదలడం లేదు. బుగ్గకు ఆనించుకుని కూర్చుంటోంది. నన్ను ఇంకా ఆంటీ అనే పిలుస్తోంది మామయ్యా. జడ వేస్తాను, అన్నం తినిపిస్తాను, బడికి పంపుతాను. ఒక్కసారి అమ్మా అంటుందని రోజూ దాని నోటి వైపే చూస్తుంటాను. నవ్వకండి.

జవాబు వచ్చేదాకా నాకు కుదురు ఉండదు.
ప్రమోదిని


మెట్‌పల్లి,
30 ఆగస్టు 2024

అనుమానపు మేనకోడలికి,

దీవెనలు ఈసారి సగమే పంపుతున్నాను. మిగతా సగం నువ్వు క్షమాపణ చెప్పాక.

మీ అత్తమ్మతో నేను జన్మలో రెండు మాటలు మాట్లాడి ఉంటాను, అవి కూడా పెళ్ళిలో పప్పులో ఉప్పు తక్కువైందని. కుట్ర చెయ్యాలంటే గుసగుసలాడాలి కదా తల్లీ, నాతో గుసగుసలాడితే ఊరంతా వింటుంది. వేసుకుంటే ఏం పోతుందని అన్న మాట నిజమే. అది పెళ్ళి పందిట్లో గొడవ వద్దని అన్నాను.

ఇందులో వింత ఏమీ లేదు. పాత నగలు అమ్మే చోట ఈ నాణేల వాళ్ళు గుత్తగా కొంటారు. నగగా చేసిన నాణేలు కూడా అందులో వస్తాయి. నగల గుట్టలో ఉండాల్సింది నాణేల గుట్టలో కలిసింది, నీ పేరున్న కవరులో పడింది. ఏ ఇల్లాలి మెడలోదో పాపం.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. రెండు వైపులా, అంచూ, ఆ రింగూ కనబడేలా ఫొటోలు తీసి దుకాణానికి పంపు. మర్యాదగా రాయి. మొదటి మాటే దొంగా అంటే వాడు మొండికేస్తాడు. దుకాణానికిచ్చే రేటింగు చుక్కలు తగ్గించి తిట్టడం అన్నిటికంటే చివర. వచ్చిన కవరు, లోపలి అట్టముక్క ఏదీ పారెయ్యకు. పసుపు కడగకు, రింగు తీయించకు, వచ్చింది వచ్చినట్టే పోవాలి. సరదాకి కూడా మెడలో వేసుకోకు. దయ్యాల భయంతో చెప్పడం లేదు, వాడిన వస్తువు వాపసు తీసుకోరని చెప్తున్నాను.

ఆ ఫొటోలు స్టూడియోలో అచ్చు వేయించి నాకూ పంపు. నా భూతద్దం కింద పెట్టి చూస్తాను.

ఇక్కడ వానలు విడవడం లేదు. చేనులో నీళ్ళు నిలిచాయి.

నీ అమాయకపు మామయ్య


ఆసిఫాబాద్,
6 సెప్టెంబర్ 2024

మామయ్యా,

తప్పైంది. చెంపలు వేసుకుంటున్నాను, మిగతా సగం దీవెనలు పంపండి.

మీరు చెప్పినవన్నీ చేశాను. ఫొటోలు ఇందులో పెట్టాను. బిళ్ళను బల్ల మీద పెట్టి తీద్దామంటే ప్రణతి ఇవ్వలేదు. సరే, నీ అరచేతిలోనే పెట్టుకుని కదలకుండా ఉండు అని అలాగే తీశాను. దుకాణం వాడికీ ఇవే పంపాను. వాడి జవాబు చూసి నాకు మతి పోయింది. "ఫొటోలో ఉన్నది మీరు కొన్న నాణెమే కదా మేడమ్, పొరపాటు ఎక్కడుంది?" అని రాశాడు. వాడు ఫొటో తెరిచి కూడా చూసి ఉండడు. నేను వాదించలేదు. డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు వేసి, వాడి చిరునామాకే కొరియర్‌లో పంపేశాను.

అది పోతే ఇల్లు తేలికపడుతుందనుకున్నాను. డబ్బాకు టేపు వేస్తుంటే ప్రణతి తలుపు పట్టుకుని నిలబడి చూసింది. ఏడవలేదు. కొరియర్ కుర్రాడు నాగరాజు బండి మలుపు తిరిగాక అడిగింది.

"అమ్మను డబ్బల పెట్టి పంపినవా ఆంటీ?"

"అది అమ్మ కాదురా, బిళ్ళ."

"అమ్మకు డబ్బల ఊపిరి ఆడది."

ఎవరు నేర్పారు ఈ మాటలని అత్తమ్మను నిలదీశాను. ఆమె దేవుడి గూటి ముందు నిలబడి ప్రమాణం చేసింది. నేను నమ్మలేదు, ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. పిల్ల బడి నుంచి రాగానే గేటు దగ్గర కూర్చుంటోంది. అన్నం ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకుంటోంది, మింగడం లేదు.

మీ దగ్గర ఏ పుస్తకంలోనైనా దీనికి మందు ఉంటే రాయండి.
ప్రమోదిని


మెట్‌పల్లి,
13 సెప్టెంబర్ 2024

చిరంజీవి ప్రమోదినికి నిండు దీవెనలు.

నీ ఫొటోలు చూశాను. ఒకసారి కాదు, భూతద్దం పెట్టి చాలాసార్లు చూశాను. పక్కవీధి భూమన్నను పిలిచి చూపించాను. ఆయన కూడా నాలాగే ఈ పిచ్చిలో సగం ఆస్తి పోగొట్టుకున్నవాడు. ఆయన అన్న మాట రాస్తున్నాను: "రావుసాబ్, గింత సాఫ్ నాణెం నేను ఈ మధ్యల చూడలే."

బిడ్డా, అందులో రింగు లేదు, ఆడమనిషి లేదు, పసుపు లేదు. చార్మినార్ ఉంది. తలుపులో మీమ్ తేటగా ఉంది. నేను అడిగిందే వచ్చింది.

నువ్వు నాతో ఆటలాడే పిల్లవు కాదు. అందుకే ఆలోచించాను. కొత్త ఇల్లు, తల్లి లేని పిల్ల, అత్తగారి గొణుగుడు. పెళ్ళినాడు వద్దన్న వస్తువు నీ మనసులో ఎక్కడో కూర్చుంది. ఆవిడ ఒక్క మాట అనగానే నీ కంటికీ అదే కనబడింది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కొన్నాళ్ళు మెట్‌పల్లి వచ్చి ఉండు.

ఒక సంగతి మాత్రం నన్ను సంతోషపెట్టింది. ప్రణతి అరచేతి కింద నీ చెయ్యి పెట్టి పట్టుకున్నావు చూడు, ఆ ఆకుపచ్చ గాజుల చెయ్యి నిండుగా ఉంది. గాజులంటే ఆమడ దూరం పోయే పిల్లవు, ఇప్పుడు మోచేతి దాకా వేసుకున్నావు. ఆ ఫొటో చూస్తే తల్లీబిడ్డలనే అంటారు ఎవరైనా.

కొన్న ఖాతా నాది కాబట్టి దుకాణం వాడికి నేనే రాశాను. పొరపాటు మాదే, ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నామని చెప్పి, ఐదు చుక్కలూ ఇచ్చేశాను. మంచి నాణెం ఇచ్చినవాడిని ఊరికే బద్నాం చెయ్యకూడదు.

నీ మేలు కోరే
మామయ్య


ఆసిఫాబాద్,
21 సెప్టెంబర్ 2024

మామయ్యా,

ఫిర్యాదు మూసే ముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా మీకు? నాకు పిచ్చి పట్టిందని భూమన్న గారికి కూడా చెప్పారా?

ఫిర్యాదు లేదు కాబట్టి దుకాణం వాడు నా పార్సిల్ తీసుకోలేదు. నిన్న నాగరాజు తెచ్చి అరుగు మీద పెట్టాడు. "మేడమ్, గిది వాపస్ వచ్చింది. దుకాణమోళ్లు విప్పను కూడా విప్పలే" అన్నాడు. నేను వేసిన టేపు వేసినట్టే ఉంది. నేనే కోసి తీశాను. అదే బిళ్ళ, అదే బొమ్మ. పసుపు తడిగా ఉంది మామయ్యా. అప్పుడే పూజ చేసి పెట్టినట్టు నా వేలికి అంటింది. ఇన్ని రోజులు డబ్బాలో, మూసిన టేపు లోపల ఉన్నది.

గాజుల సంగతి చదివాక ఫోను తీసి ఆ ఫొటో మళ్ళీ చూశాను. నేను గాజులు వేసుకోను, ఇప్పుడూ వేసుకోలేదు. ఆ ఫొటో తీస్తున్నప్పుడు నా రెండు చేతులూ ఫోను మీదే ఉన్నాయి. గదిలో నేనూ పిల్లా తప్ప ఎవరూ లేరు. నా దగ్గర ఉన్న ఫొటోలో ప్రణతి చెయ్యి ఒక్కటే ఉంది. మీకు వేరే ఫొటో ఏదీ పంపలేదు.

అత్తమ్మను అడిగాను. ఫొటో గురించి చెప్పకుండా, పద్మలతకు ఏ రంగు గాజులు ఇష్టమని మాత్రం అడిగాను. ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది.

"ఆకుపచ్చయి. ముత్తైదువగ పోయింది కదా బిడ్డా, పాడె మీద చేతుల నిండ గవ్వే ఏసి సాగనంపినం."

ప్రణతికి జ్వరం. ఆసుపత్రిలో రక్తం చూశారు, ఏమీ లేదన్నారు. పిల్ల చిక్కిపోయింది. బిళ్ళ చేతిలో పెడితే నాలుగు ముద్దలు తింటుంది, తీసేస్తే మానేస్తుంది. దానికి ఏమైనా అయితే నేను బతకను. ఇది కడుపున పుట్టకపోతేనేం, నాకు ఈ ఇంట్లో ఉన్న మనిషి ఇదొక్కతే.

నిన్న అత్తమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "నేను జబర్దస్తీ చేస్తలేను ప్రమోదినీ. ఆమెకు నీ మొగడు అక్కెర లేదు, నీ నగలు అక్కెర లేదు. పిల్ల దగ్గర జరంత జాగ కావాలె, గంతే. పెత్రమాస వస్తుంది, పోయినోళ్ళకు బువ్వ పెట్టే దినం. ఆలోచన చెయ్యి" అంది. ఈసారి నేను ఆమెను కసరలేకపోయాను.

మీరు నన్ను నమ్మకపోయినా సరే, పిల్ల కోసమైనా జవాబు రాయండి.
ప్రమోదిని


మెట్‌పల్లి,
26 సెప్టెంబర్ 2024

బిడ్డా ప్రమోదినీ,

ఈ ఉత్తరంలో హాస్యాలు లేవు. నీ మాట నమ్మనందుకు నన్ను నువ్వు ఎంత తిట్టినా తక్కువే.

నీ ఉత్తరం అందిన రోజే దుకాణం వాడి నుంచి కబురు వచ్చింది. భూమన్న చేత చదివించుకున్నాను, తర్వాత నేనే కళ్ళు చించుకుని చదివాను. వాడు ఇలా రాశాడు. "అయ్యా, క్షమించండి. కొట్టు సర్దుతుంటే మీ పార్సిల్ అలమర వెనక పడిపోయి కనిపించింది. చిరునామా అంటించాం కానీ బయటికి పంపడం మర్చిపోయాం. మీ నాణెం ఇంతవరకు మా దగ్గరే ఉంది. మీరు ఐదు చుక్కలు ఎందుకిచ్చారో మాకు అర్థం కాలేదు." సీలు తీయని ఆ పార్సిల్ ఫొటో కూడా పంపాడు. దాని మీద నీ పేరు, ఆసిఫాబాద్ చిరునామా ఉన్నాయి.

వాడి పొరపాటు అదీ. తప్పు నాణెం పంపడం కాదు. వాడు అసలు నీకు ఏమీ పంపలేదు.

అయితే నీ గడప లోపలికి వచ్చిందేమిటి? నేను భూతద్దం కింద పెట్టి చూసింది దేన్ని? నువ్వు పంపిన ఫొటోలు మళ్ళీ తీసి చూడమని భూమన్న అంటున్నాడు. నాకు చెయ్యి రావడం లేదు. బీరువాలో పెట్టి తాళం వేశాను.

నాకు భయంగా ఉంది బిడ్డా. ఇంత వయసు వచ్చాక ఈ మాట రాయడానికి సిగ్గు కూడా వెయ్యడం లేదు. ఆ బిళ్ళ మెడలో వేసుకోకు. దుకాణం కోసం చెప్పడం లేదు ఈసారి. దాన్ని అక్కడే వదిలేసి, పెత్రమాసకు ముందురోజు పిల్లను తీసుకుని మంచిర్యాల మీదుగా లక్సెట్టిపేట దాకా రా. పొద్దుటి నుంచీ నేను బస్టాండులోనే ఉంటాను. అక్కడి నుంచి ఇద్దరినీ మన ఇంటికి తీసుకొస్తాను. వంశీధర్‌రావుకు నేను చెప్పుకుంటాను.

తప్పకుండా రా.
మామయ్య


ఆసిఫాబాద్,
19 అక్టోబర్ 2024

మామయ్యకు నమస్కారాలు.

లక్సెట్టిపేట బస్టాండులో చీకటి పడేదాకా కూర్చున్నారని, చివరి బస్సు కూడా చూసి వెళ్ళారని మీ అల్లుడు చెప్పాడు. మన్నించండి. బయల్దేరుదామనే సంచి సర్దాను. ప్రణతికి చెప్పులు తొడుగుతుంటే ఒళ్ళు కాలిపోతోంది. "అమ్మ ఒక్కతే ఉంటదా ఇంట్ల?" అని అడిగింది. సంచి విప్పేశాను.

పెత్రమాసనాడు అత్తమ్మ తెల్లారి లేచి వంట చేసింది. పప్పు, గారెలు, పద్మలతకు ఇష్టమైన గుమ్మడికాయ కూర చేసి విస్తరిలో పెట్టింది. పిల్ల ఆ రోజు నీళ్ళు కూడా తాగలేదు. కళ్ళు పైకి పోతున్నాయి. మీ అల్లుడు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు మామయ్యా, అది మీరు నమ్మాలి. నేనే పసుపుతాడుకు బిళ్ళను ఎక్కించి మెడలో వేసుకున్నాను. చల్లగా ఉంటుందనుకున్నాను. ఒంటి వేడి ఉంది దానికి.

ప్రణతి లేచి కూర్చుని ఆకలి అంది. పొద్దు వాలేసరికి జ్వరం లేదు. ఇప్పుడు బాగుంది, మళ్ళీ బడికి వెళుతోంది. అత్తమ్మ నాతో బిడ్డా, బిడ్డా అని మాట్లాడుతోంది. నిన్న బజారులో ఆకుపచ్చ గాజులు కొన్నాను. ఎందుకు కొన్నానో తెలియదు, చేతికి సరిగ్గా సరిపోయాయి.

దుకాణం వాడికి రాయండి, ఆ రూపాయి ఇక్కడికి పంపొద్దని. మీ దగ్గరే ఉంచుకోండి. వాపసు ఇవ్వాల్సింది ఏమీ లేదని కూడా రాయండి.

ప్రణతి ఇప్పుడు అమ్మా అంటోంది. మీకు ఈ కబురు రాయాలని ఎన్ని రోజుల నుంచి అనుకున్నానో. మొదటిసారి పిలిచినప్పుడు చేతిలో పని వదిలేశాను. పరుగున వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. పిల్ల నా మొహం వైపు చూడలేదు. నా మెడ వైపు చూస్తూ, బడిలో జరిగినవన్నీ వరసగా చెప్పింది. మధ్యమధ్యలో ఆగి, వింటున్నట్టు తల ఊపి, మళ్ళీ చెప్పింది.

మొదట్లో నేను ఊఁ కొట్టేదాన్ని. నిన్న కూడా అమ్మా అని పిలిస్తే పలకబోయాను. నేను నోరు తెరవక ముందే, "సరేనమ్మా" అని నవ్వి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పిలిస్తే నేను పలకడం లేదు.

ప్రమోదిని